పొద్దటి వార్త, మాపటి నవ్వు

*మూడు భాషల సరిహద్దు మండలం డోంగ్లి. పేపర్లో వచ్చిందీ, టీవీలో అరిచిందీ, పనిలో ఎదురైందీ ఇక్కడ సాయంత్రానికల్లా జోకైపోతుంది. ఈ విద్య ఎక్కడిది? ఎవరు నేర్పారు? ఏ గడప ముందు ఇది నోరు మూసుకుంటుంది?*

ఇంకా చీకటి విడలేదు. ఎరువుల దుకాణం ముందు మనుషులు లేరు, చెప్పులున్నాయి. షట్టర్ దగ్గర మొదలై, మోరీ దాటి, వేపచెట్టు దగ్గర వంపు తిరిగి రోడ్డెక్కేదాకా ఒక జత వెనక ఒక జత. రబ్బరు చెప్పులు, తెగిన పట్టీకి పిన్నీసు గుచ్చినవి, మడమ అరిగిన ఆడవాళ్ల శాండిళ్లు, ఎవరో బడిపిల్లాడి నల్ల బూట్లు. చెప్పులు వదలడం ఇష్టంలేనివాళ్లు ఆధార్ జిరాక్సు పెట్టి పైన రాయి పెట్టారు. అసలు మనుషులు అరుగుల మీద దుప్పట్లు కప్పుకుని కునుకు తీస్తున్నారు. 2025 ఆగస్టు. యూరియా లారీ వస్తుందని ఎవరో అన్నారు. ఎవరన్నారో ఎవరికీ తెలియదు.

ఆ వరస పక్కనే ఒక కుర్రాడు ఫోను పట్టుకుని వంగి వంగి నడుస్తున్నాడు. గొంతు టీవీ రిపోర్టరుది.

"చూస్తున్నరు గద, ఈయన ముందటి నంబరు. రాత్రి అన్నం దినంగనే వచ్చిండు. అన్నా నమస్తే, ఎన్ని బస్తాలు గావాలె? ... మాట్లాడ్తలేడు. పట్టీ తెగినట్టుంది, సీరియస్‌గున్నడు. వదినా, మీరు చెప్పుండ్రి. మీ ఆయన యాడున్నడు? ... ఇంట్ల పండుకున్నడట, వదిన ఒక్కతే నిలబడ్డది. గీ తమ్ముడు బడి ఎగ్గొట్టి వచ్చిండు. అరే, నీకు యూరియా ఎందుకురా? హైటు పెరగాల్నా?"

అరుగు మీది దుప్పట్లోంచి ఓ పెద్దాయన తల బయటపెట్టాడు. "నా చెప్పును గుడ ఇంటర్వ్యూ జెయ్‌రా బిడ్డా. గాని జరపకు. జరిపితే నా నంబరు పోతది."

వీడియో మొత్తంలో బాగా పేలింది ఆ మాటే. అది రాసిపెట్టుకున్నది కాదు. లారీ వచ్చిందో లేదో గానీ, మధ్యాహ్నానికి ఆ వీడియో వాట్సాప్ స్టేటస్‌ల మీదుగా సరిహద్దు అవతల దెగ్లూర్‌లోని మేనమామ కొడుక్కి చేరింది. అటునుంచి మరాఠీలో జవాబొచ్చింది: "ఇకడే పణ్ చపలాచ్ ఆహేత్." ఇటు కూడా చెప్పులే ఉన్నాయిరా అని.

ఆ నెలలో తెలంగాణ అంతటా చెప్పుల వరసలు కనిపించాయి. పేపర్లు టన్నుల లెక్కలు ఇచ్చాయి. టీవీల్లో కేంద్రం రాష్ట్రాన్నీ, రాష్ట్రం కేంద్రాన్నీ తిట్టుకున్నాయి. ఏ పార్టీ ఎన్ని టన్నులంది అని ఇవాళ అడిగితే రచ్చబండ మీద ఒక్కరూ చెప్పలేరు. చెప్పుల ఇంటర్వ్యూ అడిగితే పదిమంది నటించి చూపిస్తారు.

ఇల్లు కదల్లేదు, అడ్రసు నడిచింది

డోంగ్లి వాళ్లకు ఈ వెటకారం ఎలా పట్టుబడిందో తెలియాలంటే ముందు వాళ్ల అడ్రసు చూడాలి. కామారెడ్డి జిల్లా, బాన్సువాడ డివిజన్, జుక్కల్ నియోజకవర్గం. నిన్నమొన్నటిదాకా మద్నూర్ మండలంలో ఒక ఊరు. 2022లో ప్రభుత్వం కొత్త మండలాలు ప్రకటించినప్పుడు ఇదీ మండలమైంది. అటు మహారాష్ట్ర నాందేడ్ జిల్లా, దెగ్లూర్. కాస్త దూరంపోతే కర్ణాటక బీదర్. మధ్యలో మంజీర.

1956లో రాష్ట్రాల పునర్విభజన జరిగినప్పుడు నాందేడ్ జిల్లా దెగ్లూర్ తాలూకాలోని బిచ్కుంద, జుక్కల్ సర్కిళ్లను తెంపి ఆంధ్రప్రదేశ్‌లో, నిజామాబాద్ జిల్లాలో కలిపారు. 2014లో రాష్ట్రం మారింది. 2016 అక్టోబర్ 11న జిల్లా మారి కామారెడ్డి అయింది. ఈ వైపు ఊళ్లలో తాత నాందేడ్ జిల్లాలో పుట్టి ఉంటాడు, తండ్రి నిజామాబాద్ జిల్లాలో, మనవడు కామారెడ్డి జిల్లాలో. ముగ్గురూ ఒకే ఇంట్లో, బహుశా ఒకే మంచం మీద. ఇంతటి అనుభవం ఉన్నవాళ్లకు ప్రభుత్వం చేసే ప్రకటనలు విని ఉలిక్కిపడే అలవాటు పోతుంది. "ఈసారి మమ్మల్ని ఎటు కలుపుతున్నరు?" అని నవ్వుతూ అడగడం వస్తుంది.

భాషల సంగతీ అంతే. ఇంట్లో మరాఠీ, బడిలో తెలుగు, సంతలో రెండూ, కాస్త కన్నడం, పోలీస్ స్టేషన్లో హిందీ, దేవుడి దగ్గర ఏది నోటికొస్తే అది. టీవీ రిమోట్ మీద జరిగే కొట్లాటకు ఇక్కడ భాషాప్రయుక్త రాష్ట్రాల ఉద్యమమంత చరిత్ర ఉంది. అత్తకు జీ మరాఠీలో 'చలా హవా యేవూ ద్యా' కావాలి. 2014లో మొదలై సినిమావాళ్లను కూర్చోబెట్టి వాళ్లనే ఆటపట్టించిన షో అది. కొడుక్కి ఈటీవీలో 2013 నుంచి నడుస్తున్న 'జబర్దస్త్' కావాలి. కోడలికి రెండూ వద్దు, సీరియల్ కావాలి. మామకు ఎవరూ రిమోట్ ఇవ్వరు కనుక ఆయన రచ్చబండ దగ్గరికి పోయి సొంత షో నడుపుకుంటాడు. పు.ల. దేశ్‌పాండే పేరు చెప్పగానే కళ్లు మెరిసే ముసలివాళ్లు ఇటువైపు ఊళ్లలో కూడా ఉన్నారు. మామూలు మనుషుల వింత అలవాట్లు తప్ప వేరే కథ అక్కర్లేదని నిరూపించిన మరాఠీ రచయిత ఆయన.

పేపరు హాస్యం, రేడియో హాస్యం, టీవీ హాస్యం మూడు వైపులనుంచీ పారి ఇక్కడ కలిశాయి. ఇంతకీ అన్నిటికంటే పెద్ద కాలువ తవ్వింది టెలికాం కంపెనీ. జియో 2016 సెప్టెంబర్ 5న మొదలైంది. కామారెడ్డి జిల్లా పుట్టింది అక్టోబర్ 11న. జిల్లా కన్నా జియో 36 రోజులు పెద్దది. కలెక్టర్ రాకముందే నెట్ వచ్చిందన్నమాట. ఏది ఎక్కువ పనిచేసిందని మాత్రం అడక్కండి.

చిన్నక్క ఇంట్లో కూలి ముచ్చట

రోజువారీ వార్తనూ రోజుకూలీ బతుకునూ ఒక్కచోట చేర్చి నవ్వించడం యూట్యూబ్ కనిపెట్టిందనుకునే కుర్రాళ్లను రేడియో విన్న తరం ముందు కూర్చోబెట్టాలి. ఆకాశవాణి హైదరాబాద్ కేంద్రంలో సాయంత్రాలు 'కార్మికుల కార్యక్రమం' వచ్చేది. అందులో ముగ్గురు: చిన్నక్క, ఏకాంబరం, రాంబాబు. చిన్నక్క గొంతు రతన్ ప్రసాద్‌ది. రాంబాబు అంటే డి. వెంకట్రామయ్య, వార్తలు చదివే గొంతుగా కూడా రాష్ట్రమంతా ఎరిగినవాడు. వార్తలు చదివినప్పుడు గంభీరం, రాంబాబైనప్పుడు చిలిపితనం. ఒకే మనిషి వార్త చెప్పీ, ఆ వార్త మీద చమత్కారమాడీ నెట్టుకొచ్చిన రోజులవి. ఇవాళ ఆ రెండు పనులూ కొందరు యాంకర్లు ఒకేసారి చేస్తున్నారు, కాకపోతే తమకు తెలియకుండా.

ఆ ముగ్గురూ పెద్ద విషయాలేమీ మాట్లాడరు. జీతం, పొదుపు, తాగుడు, పిల్లల చదువు, కొత్తగా వచ్చిన ప్రభుత్వ పథకం. ఏకాంబరం ఏదో తప్పుగా అర్థం చేసుకుంటాడు. రాంబాబు ఇంకాస్త మెలిపెడతాడు. చిన్నక్క ఇద్దరినీ దారిలో పెడుతుంది. బీడీలు చుట్టే చోట, మగ్గాల దగ్గర, హోటళ్లలో చేతులు పనిచేస్తూనే ఉండేవి, చెవులు మాత్రం రేడియోకి. నిజామాబాద్ జిల్లాలో బీడీ చేటలు ముందేసుకున్న ఆడవాళ్లకు చిన్నక్క పక్కింటి మనిషి. ఆమె బొమ్మ ఎవరూ చూడలేదు. చూడాల్సిన అవసరం ఎవరికీ రాలేదు.

ఆ కార్యక్రమంలో ఒక చిత్రం ఉంది. అది ప్రభుత్వ రేడియో. ప్రభుత్వాన్ని ఏమీ అనకూడదు. అయినా 'పథకం మంచిదే గానీ మన దాకా వచ్చేసరికి...' అన్నట్టు ఒక్క క్షణం ఆగితే చాలు, శ్రోత మిగతాది పూరించుకునేవాడు. ఆ ఆగడంలోనే హాస్యం ఉండేది. ఇవాళ్టి రీల్‌లో ఆ ఖాళీ ఉండదు. ఆగితే వేలు పైకి జరిపేస్తారని భయం.

> నవ్వుల పెద్దలు
>
> తెలుగులో హాస్యానికే ఒక పత్రిక ఉండాలని అనుకున్నది కందుకూరి వీరేశలింగం. 1876లో 'హాస్య సంజీవని' తెచ్చారు. సంఘాన్ని తిట్టాలంటే ముందు నవ్వించాలన్న కిటుకు ఆయనకు అప్పుడే తెలుసు.
>
> తర్వాత పానుగంటి లక్ష్మీనరసింహారావు 'సాక్షి' వ్యాసాలు. 1913లో 'సువర్ణలేఖ'లో మొదలై, 1920 నుంచి ఆంధ్రపత్రిక వారపత్రికలో ఊపందుకున్నాయి. జంఘాల శాస్త్రి అనే వక్త కనిపించిన ప్రతిదాని మీదా ఉపన్యాసం దంచుతాడు. వీటికి ప్రేరణ 1711లో అడిసన్, స్టీల్ లండన్‌లో నడిపిన దినపత్రిక 'స్పెక్టేటర్'. కాఫీ హోటల్లో కూర్చుని ఊరి ముచ్చట్లు రాయడం దాని పని. మనకు కాఫీ బదులు చాయ్, హోటల్ బదులు రచ్చబండ. మిగతాదంతా మామూలే.

యాస మీద నవ్వి, యాసతో నవ్వి

ఇక్కడ కాస్త ఆగాలి, ఎందుకంటే ఈ కథలో మలుపు ఇదే.

చాలాకాలం తెలుగు సినిమాలో తెలంగాణ మాట ఎవరికి దక్కింది? రౌడీకి, ఇంట్లో పనివాడికి, తాగుబోతుకి. 1985లో వచ్చిన 'ప్రతిఘటన'లో కాశయ్య అనే రాజకీయ నాయకుడిగా కోట శ్రీనివాసరావు తెలంగాణ యాసలో మాట్లాడి హడలెత్తించాడు. ఆయన సొంతూరు కృష్ణా జిల్లా కంకిపాడు. నటన గొప్పదే, అందులో సందేహం లేదు. కానీ ఆ తర్వాత ఆ యాస వినబడితే ప్రేక్షకుడు రెండే పనులు చేశాడు: భయపడ్డాడు, లేదా నవ్వాడు. హీరో మాత్రం ఎప్పుడూ ఆ మాట మాట్లాడలేదు. హీరోయిన్ సంగతి చెప్పనే అక్కర్లేదు, ఆమె ముంబయి నుంచి వచ్చేది, గొంతు చెన్నై నుంచి వచ్చేది.

ఈ మూలనుంచి హైదరాబాద్‌కు చదువుకో, కొలువుకో పోయిన పిల్లలు ఆ రోజుల్లో హాస్టల్లో నోరు తెరవడానికి వెనకాడేవారు. 'వచ్చిండు' అంటే పక్కవాడు నవ్వుతాడు. వీళ్లకు దానిమీద మరాఠీ సాగతీత ఒకటి అదనం. నోరు మూసుకున్నవాడు నాలుగేళ్లు వింటాడు. వింటూ వింటూ ఎదుటివాడి మాటలో ఏది నవ్వొచ్చేలా ఉందో కనిపెట్టేస్తాడు. తర్వాతి కాలపు మిమిక్రీ కళాకారుల్లో సగం మంది ఇలాగే తయారయ్యారని నా అనుమానం.

పత్రికల్లో గాలి ముందే తిరిగింది. 'వార్త' దినపత్రికలో తెలిదేవర భానుమూర్తి 'చల్నేదో బాల్కిషన్' శీర్షికతో తెలంగాణ మాటలో రాజకీయాల్ని చెరిగి ఆరబోశాడు. యాస మీద నవ్విన కాలం పోయి, యాసే అసెంబ్లీని చూసి నవ్విన కాలం వచ్చింది.

ఆ కాలం టీవీకి ఎక్కింది వీ6తో. 2012లో వచ్చిన ఆ ఛానల్‌లో 'తీన్మార్ వార్తలు' మొదట కొత్తగానూ, కొందరికి ఎబ్బెట్టుగానూ అనిపించాయి. వార్తలంటే సూటు, గంభీరం, గ్రాంథికం. వీళ్లేమో ముచ్చట చెప్పుకుంటున్నట్టు చెబుతున్నారు. తొలిరోజుల్లో చింతపండు నవీన్, అంటే అందరూ పిలిచే తీన్మార్ మల్లన్న. తర్వాత సావిత్రిగా శివజ్యోతి, నిజామాబాద్ జిల్లా బిడ్డే. ఆమె పక్కన బిత్తిరి సత్తి. అసలు పేరు చేవెళ్ల రవి, ఊరు చేవెళ్ల దగ్గర పామెన.

సత్తి చేసిందల్లా ఒకటే, తెలియనివాడిలా అడగడం. 'గట్లెందుకక్కా?' అని. మంత్రి వేల కోట్లని ప్రకటిస్తాడు. వేల కోట్లంటే ఎన్ని సంచులు, ఎన్ని ట్రాక్టర్లు, మా ఊరి దాకా వస్తయా అన్నది అతని ధోరణి. చదువుకున్న యాంకర్ అడిగితే అది ప్రతిపక్షం ప్రశ్న అవుతుంది, బిత్తిరివాడు అడిగితే ఇంట్లో ముసలమ్మ ప్రశ్న అవుతుంది. అందుకే రాత్రి అన్నాలప్పుడు ఇంటిల్లిపాదీ టీవీ ముందు చేరారు. ఊళ్లో ప్రతి బిత్తర చూపువాడికీ సత్తి అనే పేరు పడింది. విశేషమేమిటంటే అది తిట్టు కాలేదు. కొందరు ముచ్చటపడి ఆ పేరుకే పలికారు.

> బాన్సువాడ భానుమతి
>
> 2017 జూలై 21న విడుదలైన శేఖర్ కమ్ముల 'ఫిదా'లో హీరోయిన్ భానుమతి ఊరు బాన్సువాడ. అమెరికా వరుడొస్తే ఊరొదిలి రానని మొండికేసే పిల్ల. సాయి పల్లవికి తెలుగులో అదే మొదటి సినిమా, డబ్బింగ్ కూడా తనే చెప్పుకుంది. తెలంగాణ యాసలో హీరోయిన్ మాట్లాడితే జనం నవ్వలేదు, ఈలలేశారు.
>
> ఆమె స్వస్థలం తమిళనాడు నీలగిరుల్లోని కోటగిరి. బాన్సువాడకు కూతవేటు దూరంలో నిజామాబాద్ జిల్లాలో మనకూ ఒక కోటగిరి మండలం ఉంది. "పిల్ల మన కోటగిరిదే, యాస తెలుస్తలేదా" అని వాదించేవాళ్లకు ఎదురుచెప్పి లాభం లేదు.

మైకు పట్టినవాళ్లు ఎటుపోయారు

నవ్వించినవాళ్ల దారులు మాత్రం ఒక్కోటి ఒక్కోవైపు పోయాయి. శివజ్యోతి 2019లో బిగ్‌బాస్ మూడో సీజన్‌కు పోయింది. సత్తి అదే ఏడాది 'తుపాకి రాముడు'లో హీరో అయ్యాడు, తర్వాత ఛానళ్లు మారాడు. మల్లన్న సొంత యూట్యూబ్ ఛానల్ పెట్టి, తిట్టి, తిట్టించుకుని, 2024లో వరంగల్-ఖమ్మం-నల్గొండ పట్టభద్రుల స్థానం నుంచి ఎమ్మెల్సీగా గెలిచాడు. రాజకీయ నాయకుల మీద జోకులేసి రాజకీయ నాయకుడు కావడం కూడా ఒక ఉద్యోగోన్నతే. ఇప్పుడు ఆయన మీద జోకులేసేవాళ్లకు కొత్తగా పని దొరికింది.

వీళ్లందరికంటే నాకు ఎక్కువ ముచ్చట గంగవ్వది. జగిత్యాల జిల్లా లంబాడిపల్లెలో కొందరు కుర్రాళ్లు 2012లో 'మై విలేజ్ షో' యూట్యూబ్ ఛానల్ మొదలుపెట్టారు. పొలం పనికి పోతూ, బీడీలు చుడుతూ బతుకీడ్చిన గంగవ్వను కెమెరా ముందుకు తెచ్చారు. ఆమె చదువుకోలేదు. స్క్రిప్టు చదవలేదు కనుక స్క్రిప్టు ఆమెను చెడగొట్టలేదు. 2020లో బిగ్‌బాస్ ఇంట్లోకి పోయింది, ఆరోగ్యం సహకరించక మధ్యలో బయటికొచ్చింది. అద్దాల మేడలో ఏసీ గాలికి ఉండలేక ఊరికి పోతానన్న ఆమెను చూసి, పట్నంలో కొడుకుల దగ్గర నెల తిరక్కుండానే బస్సెక్కి వచ్చేసిన ముసలివాళ్లంతా "నేను చెప్తే ఇన్నరా?" అన్నారు.

లంబాడిపల్లె చూశాక ప్రతి మండలంలోనూ ఓ నలుగురు కుర్రాళ్లకు ధైర్యం వచ్చింది. అంతకుముందు సినిమా కావాలంటే హైదరాబాద్ కృష్ణానగర్‌లో అద్దెగది తీసుకోవాలి. ఇప్పుడు అమ్మమ్మ ఉంటే చాలు. జాతీయ రహదారి 161 మీద డోంగ్లి వైపునుంచి హైదరాబాద్ పోతుంటే జోగిపేట తగులుతుంది. 2021లో 'జాతిరత్నాలు' సినిమా ఆ ఊరి పేరును రాష్ట్రమంతా మోగించింది. 2023లో 'బలగం' వచ్చినప్పుడు పల్లెల్లో తెర కట్టి ఊరంతా కలిసి చూశారు. ఈ రోడ్డు మీది ఊళ్లకు సినిమా అంటే ఇక ఎక్కడో జరిగేది కాదు, పక్క స్టేజీలో దిగితే కనబడేది.

డబ్బులొస్తాయా అంటే, ఎక్కువమందికి రావు. యూట్యూబ్ ప్రకటనల్లో వాటా కావాలంటే వెయ్యిమంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో నాలుగు వేల గంటలు జనం చూసి ఉండాలి. ఊరంతా బంధువులే అయినా నాలుగు వేల గంటలు చూడరు, మధ్యలో పశువులకు నీళ్లు పెట్టాలి. చాలామందికి ఇది రీచార్జికి కూడా సరిపోని వ్యాపారం. అయినా మానరు. పెళ్లిలో ఎవరో గుర్తుపట్టి "నువ్వు గా చెప్పులాయనవు గదా" అంటారు, ఆ పూట అది చాలు.

ఫోటో కోసం పని, పని కోసం నవ్వు

సినిమా జోకు పండక్కి సరిపోతుంది. రోజూ తినేది పని మీద జోకే.

ఉపాధి హామీ పనికి పోయే ఆడవాళ్లనడగండి. 2023 జనవరి 1 నుంచి హాజరు రిజిస్టర్లో కాదు, యాప్‌లో. రోజుకు రెండుసార్లు పని జరిగే చోట ఫోటో దిగాలి. సిగ్నల్ లేని గుట్ట దగ్గర సిగ్నల్ కోసం ఫోనెత్తి పట్టుకుని, హాజరు వేసే మేట్ తిరుగుతుంటే, కూలీలందరూ గడ్డపారలు దించి నవ్వు ముఖం పెట్టుకుని నిలబడాలి. "పొద్దుగాల పెండ్లి ఫోటో, మాపటికి రిసెప్షన్ ఫోటో. మధ్యల మట్టి తవ్వుడు సైడ్ బిజినెస్" అని ఒకామె అన్నదట. కేంద్రం మాత్రం తక్కువ తిన్నదా? యాప్‌లో ఫోటోకే మళ్లీ ఫోటో తీసి ఎక్కిస్తున్నారనీ, పనికి సంబంధంలేని ఫోటోలు పెడుతున్నారనీ, ఫోటోలో ఉన్న తలలకూ హాజరు లెక్కకూ పొంతన లేదనీ 2025 జూలైలో గ్రామీణాభివృద్ధి శాఖే రాష్ట్రాలకు సర్క్యులర్ పంపింది. జోకు రాసేవాళ్లకు ఇంతకంటే ముడిసరుకు ఏం కావాలి? సర్కారే ఇస్తున్నది.

బడి పంతుళ్లకూ ఆ యోగం పట్టింది. 2025 ఆగస్టు నుంచి తెలంగాణ సర్కారు బళ్లలో సార్లకూ ముఖం చూపించి హాజరు వేసే పద్ధతి వచ్చింది. మీసం తీసేసిన సారును ఫోను గుర్తుపట్టలేదని ఒక కథ, జ్వరంతో వచ్చిన సారును గుర్తుపట్టలేదని మరో కథ. నిజమో కాదో ఎవరూ విచారించరు. నలభై ఏళ్లుగా సార్లు పిల్లల్ని హాజరు పిలిచారు, ఇప్పుడు ఫోను సార్లను పిలుస్తుంది. పిల్లలకు ఇంతకంటే న్యాయం కనబడదు.

ఆడవాళ్ల ఉచిత బస్సు సంగతి కాస్త వేరు. 2023 డిసెంబర్ 9న 'మహాలక్ష్మి' మొదలైన నాటినుంచి దాని మీద జోకులు వేసింది ఎక్కువగా మగవాళ్లే. సీటు దొరకని కోపం అంతా వాట్సాప్‌లో కక్కారు. 2024లో బస్సులో కూర్చుని వెల్లుల్లి పొట్టు తీసుకుంటున్న ఆడవాళ్ల వీడియో ఒకటి రాష్ట్రమంతా తిరిగింది. దాని చుట్టూ మీమ్‌లు, మీమ్‌ల చుట్టూ రాజకీయాలు. బాన్సువాడ బస్సులో ఆ వీడియో సంగతి ఎత్తి అడిగినాయనకు ఒక నడివయసు ఆమె ఇచ్చిన జవాబు నాకు ఆ మీమ్‌లన్నిటికంటే నచ్చింది: "ఇంటికి పోయినంక గా ఎల్లిపాయ పొట్టు నువ్వు తీస్తవా? తియ్యవు గద. మరి బస్సుల తీస్తే నీ కండ్లెందుకు మండుతున్నయ్? మండాల్సింది ఉల్లిగడ్డకు గద!" బస్సంతా నవ్వింది, ఆ అడిగినవాడు తప్ప. ఆయన స్టేజీ రాకముందే దిగిపోయాడు.

ఎవరి మీద నవ్వుతున్నామన్నది చూసుకోవలసిన చోటు ఇది. యాస మీద నవ్వితే కడుపు మండిన మనమే, సీటు కోసం ఆడవాళ్ల మీద నవ్వాం. మండల కేంద్రాల్లోని చాలా హాస్య వీడియోల్లో ఇప్పటికీ పెళ్లాం గయ్యాళి, అత్త రాక్షసి, నల్లగా ఉన్నవాడు జోకరు. గంగవ్వ వచ్చి ఇన్నేళ్లయినా ఫోన్ పట్టేవాడు మగపిల్లాడే. ఆడపిల్ల వీడియో తీస్తే ఊరు వీడియో చూడదు, ఆ పిల్లను చూస్తుంది.

గల్ఫ్ పోయినవాళ్లది ఇంకో లోకం. దుబాయ్ మనకంటే గంటన్నర వెనక. ఊరి గ్రూపులో జోకు పేలి, అందరూ నవ్వి, చాయ్ తాగి, పొలాలకు పోయాక అక్కడినుంచి నవ్వే బొమ్మలు వరసగా వచ్చిపడతాయి. క్యాంపు గదిలో అప్పుడే నిద్రలేచిన అన్న, తమ్ముడి చెప్పుల వీడియో చూసి "నా చెప్పులు గుడ పెట్టకపోయినవ్‌రా, ఇంట్లనే ఉన్నయి గద" అని రాస్తాడు. ఇంటాయన లేని ఇంట్లో ఆయన చెప్పులు గుమ్మం పక్కనే ఉంచడం ఇటువైపు చాలా ఇళ్లలో అలవాటు. ఆ మాటకు గ్రూపులో ఎవరూ నవ్వే బొమ్మ పెట్టలేదు.

> అడ్మిన్ అన్నకు ధైర్యం
>
> నెట్‌లో రాసినదానికి అరెస్టు చేయడానికి వాడుకున్న ఐటీ చట్టం 66ఏ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015 మార్చి 24న కొట్టేసింది. శ్రేయా సింఘాల్ కేసు. మహారాష్ట్ర పాల్ఘర్‌లో ఇద్దరమ్మాయిలను ఒక ఫేస్‌బుక్ పోస్టు మీద అరెస్టు చేయడంతో కథ మొదలైంది.
>
> సభ్యుడు పెట్టిన మెసేజీకి, ముందే ఇద్దరూ కూడబలుక్కున్నారని రుజువైతే తప్ప, అడ్మిన్ నేరస్థుడు కాడని బాంబే హైకోర్టు నాగ్‌పూర్ బెంచ్ 2021లో చెప్పింది. సరిహద్దుకు అటువైపు తీర్పే అయినా ఇటువైపు అడ్మిన్లు స్క్రీన్‌షాట్ తీసి దాచుకోదగ్గదే. అలాగని వేరే సెక్షన్లు లేవనుకుంటే పొరపాటు.

ట్రంప్ మీద వేయొచ్చు

డోంగ్లి వైపు జోకులకు ఒక లెక్క ఉంది. మనిషి ఎంత దూరంలో ఉంటే అంత గట్టిగా వేయొచ్చు. ట్రంప్ మీద రోజూ వేస్తారు. సుంకాలు పెంచాడని వార్త వస్తే "మన సోయాబీన్‌కు ఆయనే గిట్టుబాటు ధర ఇయ్యాలె" అంటారు. ప్రధాని మీద వేస్తారు, ముఖ్యమంత్రి మీద వేస్తారు, మాజీ ముఖ్యమంత్రి మీద ఇంకా చనువుగా వేస్తారు. జిల్లా దాకా వచ్చేసరికి గొంతు కొద్దిగా తగ్గుతుంది. మండలానికి వచ్చేసరికి పేర్లు పోయి 'ఒకాయన' మిగులుతాడు. ఊళ్లోకి వచ్చేసరికి జోకే ఉండదు.

మంజీర పక్కన ఇన్ని ఊళ్లున్నాయి గదా, ఇసుక మీద ఒక్క వీడియో చూపించమనండి. వడ్డీకిచ్చేవాడి మీద, పత్తి తూకంలో చేయి పెట్టేవాడి మీద, కూలి డబ్బులు నెల తిప్పే మేస్త్రీ మీద చూపించమనండి. దొరకవు. చిన్నక్కకు ఢిల్లీ మీద నోరు లేదు, ఊరి మీద ఉంది. ఇప్పటి స్టేటస్‌కు ఢిల్లీ మీద ఎంతైనా నోరుంది, ఊరి మీద లేదు. స్వేచ్ఛ పెరిగిందా తరిగిందా అంటే ఎటువైపు తిరిగి అడుగుతున్నారో చూడాలి.

చెప్పుల వీడియో తీసిన కుర్రాడిని ఇదే అడిగాను. అప్పిచ్చినాయన మీద ఒకటి తీశాడట. ఇచ్చేటప్పుడు గొంతొకటి, అడిగేటప్పుడు గొంతొకటి, రెండూ తనే పలికి. భార్యకు చూపిస్తే కడుపు పట్టుకుని నవ్వి, నవ్వు ఆగాక "తీసెయ్" అందట. తీసేయలేదు, పెట్టనూ లేదు. ఫోన్‌లో ఉంది.

"మరి ట్రంప్ మీద రోజూ పెడుతున్నావు గదా, భయం లేదా?" అన్నాను.

"ఆయన మనింటికి రాడు గదన్నా," అన్నాడు.